ఒకవైపే తిరిగే చక్రం

చిరంజీవి బుల్లెమ్మకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం అలవాటు. ఈసారి ఆ మాట రాయబోతే చెయ్యి ఆగిపోయింది. ఈ ఉత్తరం నీ చేతికి అందిందంటే క్షేమమే.

ముందు ఒక్క పని చెయ్యి తల్లీ. నాన్న ఇచ్చే గుడ్డ సంచిలో నీ గడియారం ఉంది. ఇప్పుడు చేతికున్నది విప్పేసి, దీన్ని కట్టుకో. కట్టుకున్నాకే మిగతాది చదువు.

కట్టుకున్నావా? సరే.

నాన్న నడుం నొప్పి గురించి అడిగావు. తగ్గింది. కుట్టుమిషను దగ్గర ఎత్తు కుర్చీ వేసుకోమని డాక్టరు చెబితే, "అంత ఎత్తులో కూర్చుంటే జడ్జి అనుకుని గిరాకీలు గుమ్మంలోంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు" అంటున్నారు. అయినా వేసుకున్నారు. నీ పెట్టెలో ఉన్న పాత స్వెట్టరు పంపమన్నావు, అదీ సంచిలోనే ఉంది. మోచేతి దగ్గర చిరుగు నాన్న కుట్టారు. నా కళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. షాపులో భూతద్దం పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లోనే సూదిలో దారం ఎక్కదు.

ఇక నీ పెద్ద ప్రశ్న. శనివారం మిమ్మల్ని లోతుకు దింపేముందు మీ మాస్టారు ఒక్కొక్కరినీ నిలబెట్టి, చేతికున్న గడియారంలో ఏది ఎందుకుందో అడుగుతారని రాశావు. నీళ్ళలో వాడే కంప్యూటరు యంత్రాలన్నీ ఆ రోజుకి దాచేస్తారని, అవి ఆగిపోయిన నాడు చేతి గడియారమే దిక్కని ఆయన అంటారని రాశావు. "అమ్మా, ఈతగాళ్ళ గడియారాలు పరీక్ష చెయ్యడమే కదా నీ ఉద్యోగం, నీ మాటల్లో రాసి పంపు, నేను బట్టీ పడతాను" అన్నావు. బట్టీ పట్టకు. అర్థం చేసుకో.

అద్దంతో మొదలుపెడతాను. వేలితో తట్టి చూడు, మామూలు గడియారంలా టిక్కుమనదు, మందంగా పలుకుతుంది. నీళ్ళ బరువుకి లోపలికి వంగిపోకూడదని అంత మందం పెడతారు. ముఖం మీద లోతు అంకె ఉంటుంది చూశావా, మేం దానికంటే పావు వంతు ఎక్కువ ఒత్తిడి పెట్టి నీళ్ళ కుండలో బిగిస్తాం. అందులోంచి బతికి బయటపడితేనే మంచిదంటాం.

పక్కనున్న కీ బొడిపె మర చుట్టి మూసేదై ఉండాలి. నీదీ అలాంటిదే. లోపల రబ్బరు కట్టు ఉంటుంది. నువ్వు టైము సరిచేసి మర బిగించడం మర్చిపోయావంటే ఎంత గొప్ప గడియారమైనా చిల్లు కుండే. దిగేముందు బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకో. నీళ్ళలో ఉండగా మాత్రం దాని జోలికి పోవద్దు.

ముళ్ళు చీకట్లో వెలగాలి. ముఖ్యంగా నిమిషాల ముల్లు, గంటల ముల్లు కన్నా పెద్దదిగా, వేరుగా కనపడాలి. కింద గంటతో నీకేం పని? నిమిషాలే నీ ప్రాణం. సెకన్ల ముల్లు కొసన కూడా వెలిగే చుక్క ఉండాలి. ఎందుకో మీ మాస్టారు తప్పకుండా అడుగుతారు. చూసేవాళ్ళకి గడియారం ఇంకా బతికే ఉందని తెలియాలి, అందుకు. ఆగిపోయిన గడియారం కూడా ఏదో ఒక టైము చూపిస్తూనే ఉంటుంది కదా.

పట్టీ నీది పొడుగ్గా, చేతికి వదులుగా ఉందని మొదట్లో విసుక్కున్నావు. ఈత దుస్తుల చేతి మీద కట్టుకోవడానికి అది. లోతుకు పోయేకొద్దీ ఆ దుస్తులు నొక్కుకుపోయి పల్చబడతాయి, పట్టీ వదులవుతుంది. అందుకే దాన్ని సాగే రబ్బరుతో, ముడతలు పెట్టి చేస్తారు. నేనిప్పుడు నీకు గుడ్డ పట్టీ కూడా పంపుతున్నాను. అది ఒకే ముక్క, గడియారాన్ని పట్టీకి పట్టి ఉంచే రెండు పిన్నుల కిందుగా పోతుంది. ఒక పిన్ను విరిగినా రెండోదాన్ని పట్టుకుని గడియారం చేతికే వేలాడుతుంది. నాకైతే అదే నచ్చుతుంది.

కొన్నింటికి పక్కన ఇంకో చిన్న బొడిపె ఉంటుంది, గాలి వదిలేది. అది రోజుల తరబడి ఒత్తిడి గదుల్లో ఉండి పనిచేసేవాళ్ళకి. వంతెన స్తంభాలూ ఓడల అడుగులూ చూసొచ్చే నీకు అక్కర్లేదు. మా షాపుకి వచ్చే షోకు బాబులు అదుందా అని ముందు అడుగుతారు. "వాళ్ళు మునిగేది బాత్‌రూమ్ తొట్టిలోనే కదమ్మా, ఉండనీ" అంటాడు మా షాపాయన.

ఇన్నేళ్ళూ ఇవన్నీ పనిలా చేశాను బుల్లెమ్మా. నువ్వు ఈ చదువులో చేరాక ప్రతి గడియారం కిందా ఒక మణికట్టు కనపడుతోంది. ఈ పట్టీ ఇలా ఎందుకుంది? ఎవరిదో జారిపోయి ఉంటుంది. ఈ చుక్క ఎందుకు వెలుగుతోంది? ఎవరో ఆగిపోయిన ముల్లు చూసుకుంటూ కింద ఉండిపోయి ఉంటారు. ఎవరూ ఊరికే కూర్చుని ఇవి కనిపెట్టలేదు. షాపులో నీళ్ళ కుండ మూత బిగించేటప్పుడు బిగించిందే మళ్ళీ మళ్ళీ బిగిస్తున్నాను. "మర అరిగిపోతుందమ్మా" అని షాపాయన నవ్వుతున్నాడు.

అద్దం చుట్టూ తిరిగే చక్రం గురించి చివరికి దాచుకున్నాను.

దాని మీద వెలిగే గుర్తు ఉంటుంది. నీళ్ళలోకి దిగే క్షణంలో ఆ గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా తెచ్చి పెడతావు. అక్కణ్ణించి ముల్లు ఎంత దూరం జరిగితే నువ్వు దిగి అంతసేపైనట్టు. ఆ చక్రం ఒకవైపే తిరగాలి, ఎడమవైపు. కుడివైపుకి ఎంత తిప్పినా కదలకూడదు. ఎందుకంటే కింద ఏ ఇనుప దూలానికో తగిలి చక్రం జరిగిందనుకో. ఎడమకి జరిగితే, గడిచిన దానికంటే ఎక్కువ టైము గడిచినట్టు చూపిస్తుంది. నువ్వు కంగారుపడి తొందరగా పైకి వచ్చేస్తావు. పని సగంలో ఉంటుంది, మాస్టారు తిడతారు, అంతే. అదే కుడికి జరిగితే, గడిచిన టైము తక్కువ చూపిస్తుంది. ఇంకా ఉందిలే అనుకుంటూ కిందే ఉండిపోతావు. గాలి మాత్రం ఉండదు.

ఇప్పుడు పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన మాట మళ్ళీ రాస్తున్నాను. "నా గడియారం రిపేరులో ఉందని ఇక్కడ సామాన్లు చూసుకునే గుండన్న తన పాతది ఇచ్చాడమ్మా, వాడివాడి చక్రం వెన్నలా మెత్తబడింది, నాదానిలా కటకటమనదు, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, చేతి తొడుగులతో కూడా తేలిక."

అది చదివి నేను వంటింట్లో నేలమీద కూర్చుండిపోయాను. నాన్న వచ్చి, "నీళ్ళల్లోకి దిగేది అది, ఇక్కడ మునిగిపోయేది నువ్వు" అని నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపేశారు. చక్రం కింద సన్నటి స్ప్రింగు ఉంటుంది, ఆ కటకట దానిదే. గుండన్న గడియారంలో అది విరిగిపోయింది. పాపం ఆయనది మంచి మనసే. ఆయనకీ ఆ సంగతి తెలిసి ఉండదు. ఆయనకి కూడా చెప్పు, దాన్ని మళ్ళీ ఎవరికీ ఇవ్వొద్దని.

వెంటనే ఒడ్డునున్న మీ ఆఫీసుకి ఫోను చేశాను. నీటి మధ్య పంటు మీద ఉన్నవాళ్ళకి ఫోన్లు ఇవ్వరని తెలుసు, కబురైనా పంపుతారని ఆశ.

"మా అమ్మాయి చేతికున్న గడియారం చక్రం రెండువైపులా తిరుగుతోందండీ" అన్నాను.

"తిరక్కపోతే కదమ్మా రిపేరు చెయ్యాల్సింది" అన్నాడు గుమాస్తా.

"కాదండీ, తిరక్కూడదు. దాన్ని కట్టుకుని దిగొద్దని మాస్టారికి చెప్పండి."

"మీరేం చేస్తుంటారమ్మా?"

"గడియారాలు పరీక్ష చేస్తానండీ."

"ఓ! సరే సరే. రాసుకున్నాను లెండి."

కలం తీసిన చప్పుడు కూడా వినపడలేదు. మళ్ళీ చేశాను. "చెప్పాంగదమ్మా, అమ్మలందరికీ ఇదే గోల" అన్నాడు. చెప్పాడో లేదో దేవుడికే తెలియాలి. అందుకే నాన్నని బయల్దేరదీశాను. శనివారం పొద్దున సామాన్ల పడవలో మీ దగ్గరికి వస్తారు. గడియారం ఎవరికీ ఇవ్వకుండా నీ చేతిలోనే పెట్టమన్నాను.

ఇంతసేపూ ఇవన్నీ రాసింది అసలు సంగతి దగ్గరికి రావడానికి భయపడి. ఇప్పుడు రాస్తాను. చదివి నన్ను ఏమైనా అను.

నీ గడియారానికి రిపేరేమీ లేదు.

నువ్వు సరిచూసి పంపమని ఇచ్చావు కదా. కుండలో పెట్టాను, ఒత్తిడికి నిలబడింది. ఆఖరిది చెమ్మ పరీక్ష. గడియారాన్ని వెచ్చటి పలక మీద పెట్టి, అది వేడెక్కాక అద్దం మీద ఒక్క చల్లటి నీటిచుక్క వేస్తాం. కాసేపాగి తుడిచి చూస్తాం. లోపల ఏ కాస్త నీళ్ళు చేరినా చుక్క వేసినచోట అద్దం వెనక మంచు పట్టినట్టు మసక వస్తుంది. రాకపోతే గడియారం మంచిది.

చుక్క వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను. షాపాయన అటుగా వెళ్తూ, "ఏంటమ్మా, కూతురి గడియారానికి ప్రత్యేక పూజా? చెమ్మ రాకూడదని మొక్కుతున్నావా?" అన్నాడు. నేను తల ఊపాను. బుల్లెమ్మా, నేను చెమ్మ రావాలని మొక్కాను. దేవుడా, ఈ ఒక్క గడియారానికి కొంచెం మసక ఇవ్వు, దానికి గడియారం లేకపోతే లోతుకు దింపరు, నా పిల్ల ఒడ్డున ఉండిపోతుంది అని.

తుడిచి చూశాను. అద్దం కడిగినట్టు ఉంది.

అయినా నీకు, లోపల చెమ్మ చేరుతోంది, రిపేరుకి ఉంచాలని రాశాను. షాపాయనకి చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక దేవుడి దగ్గర అబద్ధం కోరుకోవడం అదే మొదలు. ఆ అబద్ధం ఎటు జరిగినా నిన్ను పైకి తెచ్చే వైపే జరుగుతుందనుకున్నాను. మహా అయితే నీకు ఒక పరీక్ష పోతుంది, నా మీద కోపం వస్తుంది. మంచి గడియారం నేను దాచేస్తే చెడ్డ గడియారం నీ చేతికెక్కుతుందని నాకు తోచలేదు. నా భయమే వెళ్ళి నీకు ఆ చక్రం తగిలించింది. నువ్వు దాంతో ఇప్పటికే చిన్న లోతులకి దిగివచ్చావని రాశావు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివినా "వచ్చాను" అన్న మాట దగ్గర ఆగి, వేలు పెట్టి తాకి చూసుకుంటున్నాను.

ఇవాళ పొద్దున నీ గడియారాన్ని మళ్ళీ పరీక్ష చేశాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. రావొద్దు, రావొద్దు అనుకుంటూ చుక్క వంకే చూశాను. రాలేదు. షాపాయనకి జరిగింది చెప్పేశాను. ఆయన సొరుగులోంచి కొత్త రబ్బరు కట్టు తీసి, "ఎలాగూ పంపుతున్నాం కదా, ఇదీ మార్చేద్దాం" అని తనే కూర్చుని బిగించాడు. ఆ తర్వాత కుండలో మళ్ళీ పెట్టి, మళ్ళీ చుక్క వేశాం. మంచిదే.

నువ్వు దిగకు అని నేను రాయను. రాయాలని ఎంత ఉన్నా రాయను. మీ మాస్టారు దిగమంటే దిగు. దిగేముందు చక్రాన్ని కుడివైపుకి గట్టిగా తిప్పి చూడు. కదలకపోతే అమ్మ నిజం చెప్పినట్టు.

నాన్న చెప్పులు తొడుక్కుంటున్నారు. ఇందాక గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "చక్కగా ఆడుతోందిగా, ఇంతకీ దీనికి వచ్చిన రోగమేంటి?" అని అడిగారు. నేను దాన్ని తీసుకుని సంచిలో పెట్టేశాను. నీ దగ్గర కూడా అడుగుతారు. నువ్వే చెప్పు తల్లీ. నీ నోటితో వింటే ఆయనకి కోపం కాస్త తక్కువ వస్తుంది.

ఒకవేళ ఆయన పడవ చేరేసరికే నువ్వు దిగిపోయి ఉంటే... అది రాయలేను.

పైకి వచ్చి ఒడ్డుకి చేరాక ఆ ఆఫీసు ఫోను నుంచి మా షాపుకి ఒక్కసారి మోగించి పెట్టెయ్యి. నాతో మాట్లాడాలని లేకపోతే మాట్లాడొద్దు. శనివారమంతా నేను ఆ ఫోను పక్కనే పని పెట్టుకుంటాను.

ఇట్లు,
చుక్క వేసి, తుడవడానికి భయపడుతూ కూర్చున్న
మీ అమ్మ