మామ ఊపిరి

1998 జూన్ 12
మామను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం. గుండె బలం తగ్గిపోయిందట. ఇక పెరగదట. డాక్టర్ మా ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాడు— "ఇంట్లోనే పెట్టుకోండి. ఆయాసం తగ్గేటట్టు చూసుకోండి."

జూన్ 14
మామ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతోంది. చాలాసేపటికి గాని నిండదు. జబ్బు గుండెలో ఉంటే నీళ్లు కాళ్లలోకెందుకు? మళ్లీ నొక్కి చూస్తుంటే మామ నవ్వాడు.
"ఏంది బిడ్డా, పిండి పిసుకుతున్నవా?"

జూన్ 15
ఉప్పు తగ్గించి, చింతపండు ఎక్కువ వేసి పప్పు చేశాను. "గిది పప్పా, కుడితా?" అయినా తిన్నాడు.

జూన్ 19
మా ఊరి దవాఖాన నర్సు సిస్టరమ్మ మందులు చూడడానికి ఇంటికొచ్చింది. కాళ్ల సంగతి అడిగాను. గుండె రక్తాన్ని సరిగా తోయలేకపోతే నీరు కిందికి చేరుతుందట. అయితే పడుకున్నప్పుడు? "అప్పుడు ఊపిరితిత్తులకు ఎక్కుతదమ్మా." అందుకేనా నడుం వాలిస్తే ఆయాసం!
వీపు వెనక బియ్యం సంచి పెట్టాం— జారిపోయింది. కుర్చీ బోర్లించి దిండ్లు వేశాం— నడుము నొప్పి.

జూన్ 21
ఆదివారం. మా ఆయన పటాన్‌చెరులో చేసే వెల్డింగ్ పని ఇంట్లో పనికొచ్చింది. ఇనుప మంచాన్ని మధ్యకు కోసి, తలుపులకు పెట్టే కబ్జాలు బిగించి, కింద ఊతకు ఇనుప కడ్డీ పెట్టాడు. తలవైపు లేస్తుంది! ముందు నేనే పడుకుని చూశాను. తర్వాత మామ. "ఇంక జెర లేపు... ఆఁ, సాలు."
మధ్యాహ్నం గురక. ఇద్దరం గడపలో నిలబడి విన్నాం.

జూన్ 27
మామ ఊపిరితో పాటు నేనూ పీల్చి, వదిలి చూశాను. కాసేపటికే తల తిరిగింది. రోజంతా ఇలాగే... ఎట్లా ఉంటుందని అడిగాను.
"గుట్ట ఎక్కినట్టుంటది బిడ్డా. కూసున్నకాడనే ఎక్కుడు."

జూలై 3
ఆయాసం ఎక్కువైంది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతానని మా ఆయన ఎల్లుండికి జీపు మాట్లాడాడు. మామ గోడవైపు తిరిగాడు.

జూలై 4
మా ఆయన డ్యూటీకి పోగానే మామ పిలిచాడు. ఒక్కో మాటకు ఆగుతూ—
"నన్ను యాడికీ తీస్కపోవద్దు. గొట్టాలు పెడ్తరు. ఈడనే ఉంట. వానికి నేను చెప్పలేను... ఏడుస్తడు. నువ్వు చెప్పు."
సిస్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఇంట్లో ఉంచితే బాధపడతాడా? "ఆయాసానికి మందుంది. కబురు పంపు, వస్త. ఒక్కన్ని మాత్రం ఇడిసిపెట్టకు."

జూలై 5
పొద్దున చెప్పేశాను. మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.
"నాకెందుకు చెప్పలే? నీకెందుకు చెప్పిండు?"
"నువ్వు ఏడుస్తవని" అనలేకపోయాను. లేచి లోపలికి పోయాడు.
ఇద్దరి గొంతులూ వినబడుతున్నాయి. మాటలు తెలియడం లేదు. దగ్గరికి పోయి వినాలని ఎంత ఉందో... పోలేదు. వాకిట్లో జీపువాడు హారన్ కొడుతున్నాడు.
బయటికి పోయి, "జెర ఆగు అన్నా" అని చెప్పి వచ్చాను.