నూతి నీళ్ళలోని వేడి

బావా,

నౌపడ నుంచి రాగానే నూతిలో పైపు జాలీ ఒకసారి కడుగు, నాచు పట్టేసింది. హీట్‌పంపు మాత్రం ఆపకు. చల్లబడి బయటికొచ్చే నీళ్ళు అరటిమొక్కలకి మళ్ళించాను.

ఇంక అసలు సంగతి. ఆ పంపు నూతి నీళ్ళలోని వేడి లాగి మన స్నానాలకి నీళ్ళు కాస్తాదని నువ్వు చెబితే, "సల్లటి నీళ్ళలో వేడేటిరా!" అని నవ్విన మావయ్య, ఈ పొద్దున తనే బకెట్టు పట్టుకుని వచ్చారు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళు ఆ వేడినీళ్ళలో పావుగంట ముంచుకుని కూర్చున్నారు. తర్వాత ఏటి చేసారో తెలుసా? ఫిడేలు పెట్టె తెరిచారు! చలి మొదలయ్యాక దాన్ని ముట్టుకోనేలేదు కదా. మోహన రాగం ఎత్తుకుని, మధ్యలో తడబడి, "ఉండమ్మా, మళ్ళీ వాయిస్తాను" అన్నారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కోటబొమ్మాళి బస్సు వెళ్ళిపోయింది. హెడ్మాస్టరుగారు తిడితే తిట్టనీ.

పైపుల కోసం నా బంతిమొక్కలన్నీ పీకేసావని నాలుగు రోజులుగా నీతో మాటాడ్డం లేదు. సాయంత్రం నుంచి మాటాడతాను.

విశాలి

నీకు చెప్పొద్దన్నారు మావయ్య. నువ్వు వచ్చేసరికి వాయిస్తూ ఉంటే, గేటు చప్పుడు చెయ్యకుండా అరుగు మీదే కూర్చో.