పచ్చగుడ్డ కింద కొండ

తమ్ముడూ,

నీకు దేవుని కృప తోడుండాలని రాసి, కొట్టేశాను. రెండొందల ఏళ్ల కిందటి యుద్ధమంటూ బల్ల మీద పచ్చగుడ్డ పరిచి, వేలెడంత సీసపు బొమ్మ సిపాయిల్ని నిలబెట్టావు. చచ్చినవాళ్లకి ఎర్రరంగు అద్ది, "అన్నయ్యా, ఫొటో తీయాలి, లైటు కాస్త ఇటు పట్టు" అన్నావు. పట్టాను. "నెత్తురు చాల్లేదురా, ఇంకాస్త పుయ్యి" అన్న పాపిష్టి నోరూ నాదే.

మీ ఇంటినుంచి బయల్దేరేముందు నా బైబిలు కోసం వెతికాను. నీ పచ్చగుడ్డ కింద కొండగా మారి, నెత్తిన ఫిరంగులు మోస్తూ కనిపించింది. లాగబోయి, ఫొటో పాడవుతుందని అక్కడే వదిలేసి వచ్చాను. థూ, నా బతుకు!

ఆదివారం చర్చిలో నరహత్య కూడదన్న ఆజ్ఞ మీద నా ప్రసంగం. నా చేతిలో గ్రంథం లేదు. ఎవరిచేతనైనా పంపించు. నేను రాను. వస్తే మళ్లీ లైటు పట్టుకుంటాను.

మీ అన్నయ్య