నూకన్న వ్యాన్లో మూడు మీటర్లు

డిగ్లీపూర్, జనవరి 6
గాలి ఈశాన్యం. సముద్రం ఓ మోస్తరు.

మేనల్లుడు కన్నబాబుకి మామయ్య నూకన్న దీవించి రాయించేది. ఇక్కడ అందరం కులాసా. బండి ఒక్కటే కులాసాగా లేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ముప్పై ఏళ్ళు బోటు నడిపినోణ్ణి, లాగ్‌బుక్కులో రాయనిది జరగనట్టే నాకు. చదువుకునే కళ్ళజోడు విరిగింది కాబట్టి నేను చెప్తుంటే మన చిట్టితల్లి రాస్తోంది. నీ జవాబు కూడా అదే చదివి వినిపిస్తుంది.

పోయిన వారం నువ్వు బిగించిన మూడు మీటర్లూ, ఇంజను వేడిది, ఆయిల్‌ది, బ్యాటరీది, పగలు బాగున్నాయి. పొద్దుగూకి హెడ్‌లైట్ వేస్తే బండితో వచ్చిన డాష్‌బోర్డు మర్యాదగా వెలుగు తగ్గించుకుంటోంది. నీ మూడూ మాత్రం కళ్ళల్లో పొడుస్తున్నాయి. బోటు కేబిన్లో ఇంత వెలుగు పెడితే ఎదురుగా ఉన్న రాయి కనబడదు. నిన్న నాకూ కనబడలేదు. రాయి కాదులే, ఆవు. దానికేం కాలేదు, నన్నో చూపు చూసి పోయింది.

వచ్చే నెల పదో తారీఖున మాయాబందర్ నించి పైడిబాబు వాళ్ళు చిట్టితల్లిని చూసుకోడానికి వస్తున్నారు. బస్టాండు నించి ఈ వ్యాన్లోనే తేవాలి. ఆలోగా నీ మీటర్లు డాష్‌బోర్డుతోపాటు తగ్గేలా చెయ్యి.

ఇట్లు,
నూకన్న, రిటైరైన బోటు డ్రైవరు

తా.క. ఆవు సంగతి నాన్న తగ్గించి చెప్పారు. వ్యాన్ ఇంకా పొదల్లోనే ఉంది. - చిట్టితల్లి


మిడిల్ పాయింట్, జనవరి 9

మామయ్యకి కన్నబాబు నమస్తే.

ఆ పని చిన్నదే. మీటర్లకి నారింజ రంగు తీగ ఒకటి ఉంటుంది. దాన్ని డాష్‌బోర్డు లైట్ల తీగతో కలిపితే నాలుగూ కలిసే తగ్గుతాయి. ఆదివారానికి వచ్చి చేసేస్తాను. షాపు పక్కవాళ్ళకి అప్పగించి వస్తాను, ఫికర్ చెయ్యకండి.

పైడిబాబు అంటే ఐస్ ఫ్యాక్టరీ పైడిబాబేనా? ఊరికే అడిగాను.

మీ
కన్నబాబు, ఆటో ఎలక్ట్రీషియన్

తా.క. నా తెలుగు రాతలో తప్పులుంటే మాఫ్ చెయ్యండి, ఈ దీవుల్లో స్కూల్లో హిందీయే. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళకి ఎప్పుడూ జలుబని విన్నాను. అది కూడా ఊరికే.


డిగ్లీపూర్, జనవరి 13
గాలి ఉత్తరం. కెరటం తక్కువ. నాకు కోపం ఎక్కువ.

ఒరేయ్ కన్నబాబూ,

ఆదివారం వచ్చావు, డాష్‌బోర్డు విప్పావు, మూశావు, తలొంచుకుని బస్సెక్కేశావు. సోమవారం పొద్దుగూకాక చేపల బజారు నించి వస్తూ హెడ్‌లైట్ వేశాను. మూడు మీటర్లూ ఒక్కసారి నీరసపడిపోయాయి.

బోటులో బత్తీ నీరసపడిందంటే బ్యాటరీ చచ్చిపోతోందని అర్థం. అప్పుడేం చెయ్యాలో నాకొకడు చెప్పాలా? హెడ్‌లైట్ ఆర్పాను. హారన్ మూడుసార్లు కొట్టాను. బరువు తగ్గాలని బండిలో ఉన్న ఆరుగురినీ, చేపల బుట్టల్నీ దింపించాను. మీటర్లు కోలుకున్నాయి. అందర్నీ ఎక్కించి మళ్ళీ హెడ్‌లైట్ వేస్తే మళ్ళీ నీరసం. ఇల్లు చేరేలోగా నాలుగుసార్లు దింపాను.

నేను అడిగింది తగ్గమని. నీరసపడమని కాదు.

ఇట్లు,
నూకన్న

తా.క. ఆ ఆరుగురిలో అమ్మ ఒకత్తి. రెండుసార్లు దిగి ఎక్కింది. మూడోసారి దిగి నడిచొచ్చేసింది. వ్యాన్ వచ్చేసరికి అన్నం కూడా వండేసింది. - చి.


మిడిల్ పాయింట్, జనవరి 17

మామయ్యకి నమస్తే.

బ్యాటరీకి ఏమీ కాలేదు మామయ్యా. అదే తగ్గడం. మీరు అడిగిందే జరిగింది. ఇక ముందు ఎవర్నీ దింపకండి.

వెలుగు మరీ తక్కువ అనిపిస్తే స్టీరింగుకి కుడిపక్క చిన్న అర ఉంది చూడండి, దానిమీద వేలంత చక్రం ఉంటుంది. పైకి తిప్పితే డాష్‌బోర్డూ మీటర్లూ కలిసి పెరుగుతాయి, కిందికి తిప్పితే కలిసి తగ్గుతాయి. అంతే, ఇంకే రిపేరూ లేదు. నేను రానక్కర్లేదు.

మీ
కన్నబాబు

తా.క. రానక్కర్లేదు గానీ, రమ్మంటే వస్తాను. అత్తయ్యకి నడిచినందుకు సారీ చెప్పండి.


డిగ్లీపూర్, జనవరి 21
గాలి లేదు. వెలుగూ లేదు.

ఒరేయ్ కన్నబాబూ,

బ్యాటరీ బాగుందని రాశావట, సంతోషం. ఇప్పుడు హెడ్‌లైట్ వేస్తే నీ మీటర్లే కాదు, డాష్‌బోర్డు కూడా మొత్తం చీకటి. నీవాటి రోగం దానికీ అంటుకుంది. పెళ్ళివారిని చీకట్లో ఎక్కడికి నడపను? రిపేరు మాట రాయకుండా ఉత్తరం ముగించేశావు.

నువ్వే రావాలి. ఒక్క పూట చాలదు, రెండు రోజులుండు. సుర్మయి చేపల పులుసు పెట్టిస్తాను.

ఇట్లు,
నూకన్న

తా.క. పులుసు నేనే పెడతాను. ఉతికిన చొక్కా వేసుకుని రా. - చి.


మిడిల్ పాయింట్, జనవరి 29

మామయ్యకి నమస్తే.

ఇల్లు చేరాను. పులుసు ఇంకా నాలిక మీదే ఉంది. ఆదివారం మీరు జెట్టీకి వెళ్ళినప్పుడు అన్ని తీగలూ చూశాను, ఒక్కటీ తప్పు లేదు. ఆ చక్రం పూర్తిగా కిందికి తిరిగి ఉంది, పైకి తిప్పాను, అంతా వెలిగింది. ఎవరు తిప్పారని అడిగితే ఎలుకలై ఉంటాయని చిట్టితల్లి అంది. మీకు తనే చెప్తానంది.

మీతో ఇంకో మాట కూడా చెప్దామనుకున్నాను. మీరు వచ్చేసరికి బస్సు టైమైపోయింది.

రిపేరుకని నేను తెచ్చిన మీ కళ్ళజోడు తయారైంది. ఈ ఉత్తరంతోపాటే బస్సు డ్రైవరు వాసుదేవ్ భయ్యాతో పంపుతున్నాను.

మీ
కన్నబాబు

తా.క. పార్సిల్లో స్ప్రింగు బోను కూడా ఉంది. చక్రం కింది అరలో పెట్టండి. ఎలుక తప్పించుకోలేదు.


డిగ్లీపూర్, ఫిబ్రవరి 4
గాలి అనుకూలం. ఆకాశం నిర్మలం.

చిరంజీవి కన్నబాబుకి,

ఇది నా సొంత దస్తూరి. కళ్ళజోడు బాగా కుదిరింది.

బోను నువ్వు చెప్పిన చోటే పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఎలుక పడింది. ఇన్నాళ్ళూ నీకు నా ఉత్తరాలు రాసిన కుడిచేతి చూపుడువేలు. పెద్ద దెబ్బేం కాదు, మీ అత్త పసుపు రాసింది.

అప్పుడు కూచుని నీ ఉత్తరాలన్నీ, చిట్టితల్లి లాగ్‌బుక్కులో దించిపెట్టిన నా ఉత్తరాల నకళ్ళూ మొదటినించీ చదివాను. చక్రం సంగతి పదిహేడో తారీఖునే రాశావు. నాకు వినిపించినప్పుడు అందులో చక్రం లేదు. "రెండు రోజులుండు" అని నేను రాయించలేదు. సుర్మయి ఊసే ఎత్తలేదు, ఆ వారమంతా ఇంట్లో పప్పే.

నాకు కోపం వచ్చింది. దాని మీద కాదు, నీ మీద. మూడుసార్లు వచ్చావు. మూడుసార్లూ డాష్‌బోర్డే విప్పావు, నోరు విప్పలేదు. ఆడపిల్ల ఎన్నిసార్లని తిప్పుతుందిరా చక్రం?

పైడిబాబు వాళ్ళకి కబురు రాసేశాను: బండి మీటర్లు పాడైపోయాయి, మెకానిక్కు ఇంకా తేల్చుకోలేదు, మీరు బయల్దేరకండి అని. అబద్ధం ఒక్క ముక్క లేదు.

పదో తారీఖున నేను బస్టాండుకి వ్యాన్ తెస్తాను. ప్రోతరాపూర్ నించి మా అక్కని, అంటే మీ అమ్మని, తీసుకుని దిగు. టెస్టర్ తేవద్దు.

ఇట్లు,
మామయ్య నూకన్న

తా.క. పెళ్ళయ్యాక ఆ చక్రం ఎవరి చేతిలో ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఎప్పుడు తగ్గించినా బ్యాటరీ పోయిందని కంగారుపడకు. మీ అత్త తగ్గిస్తే ముప్పై ఏళ్ళుగా నేను పడట్లేదు.