డ్రాగన్ దగ్గు ఎవరికి చెందాలి

తమ్ముడూ, ఈ కవరు చించింది నువ్వే. నేనింకా చావలేదు, నా గొంతూ ఇంకా పోలేదు. పైన ఎర్ర ఇంకుతో "నా మాట పడిపోయాకే తెరవాలి" అని రాసి, అంటించిన చోట అడ్డంగా సంతకం కూడా పెట్టాను. అయినా చించావు. నువ్వు కాకపోతే నీ భార్య. మీరిద్దరూ కాకపోతే మీ తరఫున ఇంకెవరో. ఒకవేళ నిజంగానే నా మాట పడిపోయి, పద్ధతి ప్రకారం వకీలు ఎదుట తెరిచి ఉంటే ఈ పేరా వెనక్కి తీసుకుంటాను. ఆ అవసరం రాదనే నా నమ్మకం.

ఇక వీలునామా. యాభై రెండేళ్ల వయసున్న నేను, రాతపని చేసి బతికేదాన్ని, మీ లెక్కలో తగవులమారిని, నా తమ్ముడి స్టూడియో తీసిన పిల్లలు చూడకూడని కార్టూన్ సీరియల్ మొదటి భాగానికి కథా మాటలూ రాసి, అందులోని ముసలి డ్రాగన్‌కి గొంతిచ్చినదాన్ని, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, చాలామంది ఒత్తిడిని తిప్పికొట్టి మరీ, నా చేత్తో నేనే రాసుకుంటున్న కాగితమిది. గడ్డ గొంతులో ఉందని డాక్టరు అన్నాడు, బుర్రలో ఉందనలేదు. ఆ చీటీ జతపరిచాను. గురువారం ఆపరేషన్. "మాట నిలవొచ్చు, నిలవకపోవచ్చు" అన్నాడు, బస్సు సంగతి చెప్పినంత తేలిగ్గా.

1. అమలు గురించి. ఈ వీలునామాని అమలు జరపవలసినది నా మాజీ భర్త, వకీలు. "మనిషి పోయాకే వీలునామా చెల్లుతుంది. గొంతు పోతే చెల్లదు. గొంతు ఆస్తి కాదు" అన్నాడు. ఇరవై ఏళ్లు సభల్లో, కరపత్రాల్లో, ఫ్యాక్టరీ గేట్ల ముందు ఈ గొంతుతోనే బతికినదాన్ని. ఆస్తి కాకపోతే దాన్ని తీసేసి వేరే గొంతు పెట్టడానికి మీ స్టూడియో అంత పెద్ద కాంట్రాక్టు ఎందుకు రాసిందో చెప్పమన్నాను. అతను కళ్లజోడు తుడుచుకున్నాడు. పాయింటు దొరకనప్పుడల్లా తుడుచుకుంటాడు.

2. ఆస్తి వివరం. సదరు మొదటి భాగంలో ఒక రాజు ఉంటాడు. ఆయన మీసానికి వేరే మంత్రి ఉంటాడు. మంత్రం తప్పుగా చదివి కుర్చీగా మారిపోయిన మాంత్రికుడొకడు ఉంటాడు. తన మీద ఎవరు కూర్చుంటే వాళ్ల పడకగది గుట్టు సభలో బయటపెడతాడు. ఖజానా ముందు మూడు వందల ఏళ్లుగా కాపలా కాస్తున్న ముసలి డ్రాగన్ ఒకతె ఉంటుంది. కథంతా ఒక్కటే: డ్రాగన్ వారానికి ఒక రోజు సెలవు అడుగుతుంది. రాజు మూర్ఛపోతాడు. మీసం మంత్రి మీసాన్ని మాత్రం పడిపోకుండా పట్టుకుంటాడు.

దీనికి చివర్లో నా తమ్ముడు ఒక సవరణ కోరాడు. "అక్కా, ఆఖర్న డ్రాగన్‌తో ఒక్క సారీ చెప్పించవే. చూసేవాళ్లకి మనసు తేలికవుతుంది. డ్రాగన్‌కి పోయేదేముంది?" అని. డ్రాగన్‌కి ఏం పోతుందో ఆ రోజు రెండు గంటలు చెప్పాను. సెలవడిగినవాళ్లే సారీ ఎందుకు చెప్పాలి, మూడు వందల ఏళ్లు సెలవివ్వనివాడు ఎందుకు చెప్పకూడదు అన్నాను. వాడు ఫోను చూసుకున్నాడు. చివరికి సీరియలే ఆగిపోతుందని బెదిరిస్తే రాశాను. ఒప్పుకుంటున్నాను, రాశాను: "తప్పయిపోయింది మహారాజా, క్షమించండి."

తెలియనివాళ్ల కోసం ఒక మాట. కార్టూనులో ముందు గొంతు, తర్వాతే బొమ్మ. ఎవరో ఒకరు తాత్కాలికంగా మాటలు చదివితే రికార్డు చేస్తారు, చదివే మొహాన్ని వీడియో కూడా తీస్తారు. ఆ శబ్దం విని, "ఆ" అంటే తెరిచిన నోరు, "మ" అంటే మూసిన నోరు, అలా మూతులు గీస్తారు. పేరున్న నటులు తర్వాత వచ్చి ఆ మూతులకి తగ్గట్టు చదివి వెళ్తారు. ఆ తాత్కాలికపు గొంతు నాది. రికార్డింగు గదంటే పాత సామాన్ల కొట్టు, గోడలకి చిరిగిన పరుపులు కొట్టారు. అక్కడ నిలబడి "తప్ప..." అన్నాను. దగ్గొచ్చింది. మూడుసార్లు. మా సౌండు బాబాయి హెడ్‌ఫోన్లు తీసి "అమ్మాయ్, నీళ్లు తాగు, ఇంకోసారి చదువుదాం" అన్నాడు. తాగాను, చదివాను, రెండోసారి క్షమాపణ చక్కగా వచ్చింది.

బొమ్మల్లోకి ఎక్కింది మాత్రం మొదటిది.

మొదటిసారి వేసి చూపించిన రోజు తెర మీద డ్రాగన్ రాజు ముందు తల వంచి "తప్ప..." అంది. దగ్గింది. నోట్లోంచి మంటొచ్చి చేతిలోని క్షమాపణ పత్రం కాలిపోయింది. రెండో దగ్గుకి మీసం పోయింది. మూడో దగ్గుకి మంత్రి తలపాగా అంటుకుంటే, ఆయన ఆర్పుకోవడానికి వెళ్లి కుర్చీ మీద కూర్చున్నాడు, కుర్చీ ఆయన గుట్టు విప్పింది. గదిలో నవ్వని మనిషి లేడు. నా తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు. నేనొక్కదాన్నే నవ్వలేదు. నా దగ్గుతో నన్నే ఎగతాళి చేశారనుకున్నాను. అదే దగ్గు తగ్గకపోతే తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాను. మిగతాది పైన రాశాను.

3. అభియోగం. ఇప్పుడు నా తమ్ముడు ఆ గొంతు తీసేసి ఒక పెద్ద హీరోగారి గొంతు పెడుతున్నాడు. ఆడ డ్రాగన్‌కి మగ గొంతేమిట్రా అంటే "డ్రాగన్‌కి ఆడా మగా ఏమిటక్కా, నువ్వే కదా సమానత్వం అంటావు" అన్నాడు. నా సిద్ధాంతాన్ని నా మీదికే విసిరే తెలివి ఉంది వాడికి. దగ్గు తీసేసి, క్షమాపణకి మూతులు కొత్తగా గీయిస్తున్నాడు. ఆ డబ్బింగు గురువారమని నాకెవరూ చెప్పలేదు. గురువారం పొద్దున పంచదార లేని కాఫీ పది కప్పులు, హీరోగారి మనుషులకి, పైకి పంపమని ఆర్డరుందని క్యాంటీన్ అత్త నోరుజారింది. అంటే నేను మత్తులో బల్ల మీద పడుకుని ఉండగా, ఒకే పూట, అక్కడ డాక్టరూ ఇక్కడ తమ్ముడూ నా గొంతు కోస్తారన్నమాట. యాదృచ్ఛికం అంటావు. నేను నమ్మను.

4. మా మరదలికి. నా పుస్తకాల అల్మరా, తాళంచెవితో సహా. "వదినా, మీరు రెస్టు తీసుకోండి, కాగితాలేమైనా ఉంటే నేను సర్దిపెడతాను" అని రెండుసార్లు అంది, తాళంచెవి ఎక్కడుంటుందని మూడుసార్లు అడిగింది. కాబట్టి అల్మరా ఆమెకే. లోపల కాగితాలుండవు, ముందే తీసేశాను. ఆమె కాచి పంపిన సూపు మాత్రం బాగుంది. గొంతుకి అడ్డం పడకుండా రెండుసార్లు వడగట్టినట్టుంది. ఎందుకు వడగట్టిందో ఇంకా తేల్చుకోలేదు.

5. మూతులమ్మకి. ఈమె స్టూడియోలో మూతులు గీసే మనిషి. అసలు పేరుతో ఎవరూ పిలవరు, సీరియల్ చివర్లో వేసే పేర్లలో కూడా ఈమె పేరు లేదు. అద్దం ముందు పెట్టుకుని, ఒక్కో మాటా తన నోటితో అని చూసుకుంటూ, ఆ ఆకారం కాగితం మీద దించుతుంది. తప్పు రికార్డింగు గీసింది ఈమే కనుక, నన్ను నవ్వులపాలు చేయడానికి నా తమ్ముడు పురమాయించిన మనిషని నిర్ధారించుకున్నాను. నాలుగు నెలలు పలకరించలేదు. డ్రాగన్ మూతి ఎడమకి వంకర పోయిందని, ఆమె అద్దానికి పగులుంది కదా అని, నలుగురిలో వెటకారం చేశాను. ఆమె అద్దంలోకి తిరిగి తన పని చూసుకుంది. మాట్లాడనివాళ్ల మీద నాకు అనుమానం ఇంకా ఎక్కువ.

ఈ వీలునామాకి సాక్ష్యం కావాలని మొన్న సౌండు బాబాయి దగ్గర ఆ మూతుల చార్టు తీయించాను. ఏ క్షణానికి ఏ మూతి అన్నది వరసగా రాసుకున్న పొడవాటి కాగితం. దగ్గు ఉన్న చోట, అంచున, పెన్సిలుతో ఆమె రాత: "రెండోది కూడా విన్నాను. క్షమాపణ బాగానే చదివారు. కానీ వీడియోలో మొహం చూస్తే, ఆవిడకి ఆ మాట చెప్పడం ఇష్టం లేదని తెలుస్తోంది. మొదటిదే గీస్తున్నాను. అడిగితే పొరపాటున జరిగిందంటాను."

అడిగారు. పొరపాటే అంది. నా తమ్ముడు అందరి ముందూ తిడితే పడింది. నేను పక్కనే ఉండి, బాగా అయింది అనుకున్నాను. ఆ వంకర కూడా ఆమె అద్దానిది కాదట. నేను ఇష్టం లేని మాట అనేటప్పుడు ఎడమ మూతి పైకి పోతుందట. బాబాయి చెప్పాడు, వీడియోలోనూ చూశాను. శ్రమ దోపిడీ గురించి పుస్తకాలు రాసినదాన్ని, పని చేసే మనిషిని నాలుగు నెలలు దొంగలా చూశాను.

నా చేతి అద్దం, వెనక రాగి పట్టీ ఉన్నది, ఈమెకి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. డ్రాగన్ దగ్గు మీద నాకున్న హక్కంతా కూడా ఈమెదే. దగ్గింది నేను. దాన్ని దగ్గుగా నిలబెట్టింది ఈమె.

6. నా మాజీ భర్తకి. మా పదకొండేళ్ల కాపురంలో ఆఖరి మాట ఎప్పుడూ నాదే. మాట పడిపోతే, ఆఖరి మాట అతనికి ఇస్తున్నాను. దుర్వినియోగం చేయకూడదు.

7. తమ్ముడికి. సదరు రెండో రికార్డింగు, క్షమాపణ చక్కగా వచ్చినది, నీకే. సీరియల్‌కి కాదు, నీ ఒక్కడికే. నీకు ఏడేళ్లప్పుడు నాన్న రేడియో పగిలింది. నువ్వు పగలగొట్టావని నేనే చెప్పాను, నువ్వు దెబ్బలు తిన్నావు. పగలగొట్టింది నేను. నలభై ఏళ్లుగా నీకు చెప్పాల్సిన మాటని ఒక కార్టూన్ రాజుకి చెప్పించాలని చూశావు. "మహారాజా" అన్న ముక్క కోయించుకుని, తలుపేసుకుని విను.

ఇంకొకటి. డ్రాగన్ గొంతు ఈ ప్రపంచంలో మొదట విన్నది నువ్వే. జ్వరమొచ్చి మందు తాగనంటే దుప్పటి కప్పుకుని ఆ గొంతుతోనే భయపెట్టేదాన్ని. భయపడేవాడివి కాదు. "ఇంకోసారి, ఇంకోసారి" అనేవాడివి. గురువారం తర్వాత నేను ఇంకోసారి అనలేకపోవచ్చు. మిగిలేది ఆ మొదటి భాగం, ఇరవై రెండు నిమిషాలే. దాన్ని చెరిపేస్తే నువ్వు చెరిపేది నా ఒక్కదాని గొంతే కాదు.

ఇదంతా చట్టం ముందు నిలవదని వకీలు మళ్లీ అంటున్నాడు. తమ్ముడి ముందు నిలిస్తే చాలు. కవరు నీ బల్ల మీద ఎవరు పెట్టారో ఆలోచించావా? నేనే. తెరువు అంటే నెల రోజులు పక్కన పడేసేవాడివి. తెరవకు అంటే గురువారం లోపల చించుతావని నాకు తెలుసు.

కాబట్టి నా డిమాండ్లు:

ఒకటి. గురువారం డబ్బింగు రద్దు చేయాలి. కాఫీలు ఆర్డరిచ్చినవి ఇచ్చినట్టే పైకి తెప్పించి, బొమ్మలు గీసేవాళ్లకి ఇవ్వాలి.

రెండు. డ్రాగన్ గొంతు మార్చకూడదు.

మూడు. దగ్గులు మూడు. రెండుకి కుదించకూడదు.

నాలుగు. మూతులమ్మ అసలు పేరు కనుక్కుని, నీ పేరు కంటే ముందు, చదవగలిగేంతసేపు తెర మీద ఉంచాలి.

ఐదు. రెండో భాగంలో డ్రాగన్‌కి వారానికో సెలవు. స్టూడియోలో అందరికీ అంతకంటే ముందే.

ఆరు. నాకు మెలకువ రాగానే చేతికి పలక ఇవ్వాలి. పెద్దది.

ఏడు. ఈ కవరు అతికించకుండా, చించినదాన్ని చించినట్టే, గురువారం పొద్దున నన్ను లోపలికి తీసుకెళ్లే ముందు నువ్వే పట్టుకురావాలి. సారీ చెప్పక్కర్లేదు. "ఇంకోసారి" అని అడుగు.

సోమవారం మధ్యాహ్నం, ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు.

సంతకం: అక్క

సాక్షులు: సౌండు బాబాయి. క్యాంటీన్ అత్త (చదవనిదే సంతకం పెట్టనని మొత్తం చదివి, మీసం కాలిన చోట నవ్వి, పెట్టింది).