చెయ్యి కాలిన సంగతి

జనవరి 4

నా బండి మీద వేపుడు చేస్తుంటే ఎడమ చెయ్యి బాణలి అంచుకు ఆనింది. ముందు వాసన వచ్చింది. బంగాళదుంప ముక్కలు మాడాయేమో అనుకున్నాను. ఎదుటి బండి టీ అక్క "కాలేది నీ చెయ్యే పిల్లా!" అని అరిచాకే తీశాను. బొబ్బ లేచింది. నొప్పి లేదు.

జనవరి 6

టీ అక్క పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు నన్ను కళ్ళు మూసుకోమంది. చేతి మీద తను ఎక్కడ తాకిందో చెప్పమంది. తాకిందనే నాకు తెలియలేదు. టెస్టులు చేసి డాక్టరు కుష్టు అన్నాడు. ఏడాది టాబ్లెట్లు వేసుకుంటే పూర్తిగా తగ్గుతుందట. మందు మొదలెట్టాక ఎవరికీ అంటదట. బండి మానక్కర్లేదట. పుండు మానేదాకా కట్టు తడవకుండా చూసుకోమన్నారు.

భయం వేయాలి కదా అని కాసేపు బెంచీ మీద కూర్చున్నాను. వేయలేదు. లేచి వచ్చేశాను.

జనవరి 7

మా ఆయన మంచం వరండాలోకి మార్చుకున్నాడు. లోపల ఉక్కగా ఉందట. నేను రెండు దుప్పట్లు కప్పుకున్నాను.

జనవరి 11

కుండ మూతికైతే మూకుడుంది, ఊరి నోటికెక్కడ తెస్తాం? రోజూ బస్సు దిగి నా బండికే వచ్చే టీచరమ్మ ఫోన్ చూసుకుంటూ దాటిపోయింది. ఫోన్‌లో లైటే వెలగలేదు.

జనవరి 12

స్టవ్ వెలిగించాను. ఆర్పాను.

జనవరి 16

నర్సు వచ్చింది. ఈమె చేతి తిండి తింటే ఏ రోగమూ రాదని, టీ తాగుతున్న వాళ్ళందరికీ వినపడేలా చెప్పింది. సంతోషించి ప్లేటు నిండా వేడివేడిగా పెట్టాను. ఇప్పుడే తిని వచ్చాను, పార్సిల్ కట్టెయ్ అంది. కట్టాను. పొట్లం రెండు వేళ్ళతో పట్టుకుంది. నాకు కోపం కూడా రాలేదు.

టీ అక్కకు వచ్చింది. పాలు పొంగుతున్నా వదిలేసి రోడ్డు దాటి వచ్చింది. నర్సు చేతిలో పొట్లం లాక్కుని, విప్పి, అక్కడే నిలబడి గుప్పెడు ముక్కలు నోట్లో వేసుకుంది. నోరు కాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగాక నా మీద పడింది.

"ఉప్పేదే? చెయ్యి మొద్దుబారితే బారింది, నాలిక్కేం రోగం?"

లారీ డ్రైవరొకడు పకపకా నవ్వాడు. తనకో ప్లేటు, ఉప్పేసి మరీ ఇమ్మన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు.  తర్వాత నర్సు, టీ అక్క చేతిలోని పొట్లంలోంచి ఒక ముక్క తీసుకుని తింది.

జనవరి 19

మా ఆయన మంచం ఇంకా వరండాలోనే ఉంది. పొద్దున మాత్రం చెప్పాపెట్టకుండా బండి దగ్గరికి వచ్చి, దుంపలన్నీ తరిగిపెట్టి వెళ్ళాడు. ముక్కలు లావు. అలాగే వేయించాను.

జనవరి 23

ఇవాళ నేను నవ్వానట. టీ అక్క చెప్పింది.