రెండో అంతస్తు తామరపువ్వు

నేరేడ్‌మెట్, రెండో అంతస్తు
జూన్ 10, 2025

సర్దార్ బీ గారికి నమస్కారాలు.

ఫోనులో చెబితే మీరు స్పీకరు పెడతారు, అపార్టుమెంటంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. మోకాలి ఆపరేషన్ అయ్యాక నేను మెట్లు దిగలేక కూర్చుంటే, మనవరాలు సృజన పెద్దవాళ్లు రంగులు వేసుకునే బొమ్మల పుస్తకం, రంగు పెన్సిళ్ల పెట్టె తెచ్చిచ్చింది. ఎడమ పేజీలు నావి, కుడి పేజీలు మీవి అనుకున్నాం. రోజూ మధ్యాహ్నం అన్నీ కూరగాయల బుట్టలో పెట్టి తాడుతో మీకు దింపుతున్నాను.

మీ దగ్గరి నుంచి వచ్చిన ప్రతి పెన్సిలూ చెక్కగానే మొన ఊడిపోతోంది. మీరు నొక్కి రుద్దుతున్నారు. మీ నెమలి గచ్చులా మెరుస్తోంది, దాని మీద ఇంకో రంగు నిలవదు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, మెల్లగా మూడు పూతలు. అదీ పద్ధతి.

ఇట్లు,
కామేశ్వరమ్మ, విశ్రాంత లెక్కల టీచర్

తా.క. మీ కోడలు తమన్నా ట్యూషన్ పిల్లలు మన పెన్సిళ్లు వాడుతున్నారని నేను అనడం లేదు. నెమలి మట్టిరంగులో ఎందుకుందో మాత్రం చెప్పండి.

గ్రౌండ్ ఫ్లోర్
జూన్ 11

టీచరక్కకు సలాం.

నేను చెప్తున్న, తమన్నా రాస్తుంది. మీ ఉత్తరం చదివి వినిపించింది సుత ఆమెనే, మీ అక్షరాలు మరీ సన్నగున్నయ్. ట్యూషన్ ముచ్చట కాడికి రాంగనే గొంతు మారింది. ఆమె పిల్లలు ఇంటర్ లెక్కలు చేస్తరక్కా, నెమళ్లకు రంగులేస్తరా?

ఏండ్లకేండ్లు కుట్టుమిషన్ నడిపిన, నా చెయ్యి గట్టిదే. మీరేమో పెన్సిల్‌తోటి కాయితాన్ని జెర తాకుతరు, గంతే. నిన్న మీ పేజీ ఖాళీగనే వచ్చింది. కాలు నొస్తున్నదేమో, అక్కకు తక్లీఫ్ ఎందుకని తామరపువ్వు నేనే నింపిన. మంచి ఆకుపచ్చ.

ఉంటా మరి,
సర్దార్ బీ

తా.క. నెమలికి నీలమే వేసిన. కండ్లు చూపించుకోండ్రి.

రెండో అంతస్తు
జూన్ 12

సర్దార్ బీ గారికి, ఈసారి నమస్కారం లేదు.

ఆ పేజీ ఖాళీ కాదు. లేత గులాబీ, దాని మీద గులాబీ, అంచులకు మాత్రం ఊదా. వారం పట్టింది. ఇప్పుడది క్యాబేజీ.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మొనలు ఊడటం మీ తప్పు కాదు. మీరు ముట్టని నారింజ పెన్సిలు కూడా చెక్కగానే ముక్కలైంది. డ్రాయింగ్ టీచర్ కల్పలతను అడిగాను. పెన్సిలుకు దెబ్బ తగిలితే లోపలి రంగుపుల్ల విరుగుతుందట. బుట్ట దిగేటప్పుడు మొదటి అంతస్తు సన్‌షేడ్‌కు కొట్టుకుంటోంది. దింపేది నేనే. తువ్వాలులో చుట్టి దింపాల్సింది. ఇక ఆ అవసరమూ లేదు. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను.

కామేశ్వరమ్మ

తా.క. బుట్ట దిగడం ఇదే చివరిసారి. ఇందులో ఉన్న మామిడికాయ పచ్చడికీ మన గొడవకీ సంబంధం లేదు.

గ్రౌండ్ ఫ్లోర్
జూన్ 14

టీచరక్కకు సలాం.

పచ్చడి అందింది. ఉప్పెక్కువ. పుస్తకం మీదే, ఉంచుకోండ్రి. నాకేం పరేషాన్ లేదు. మధ్యాహ్నం మంచిగ నిద్రపోతున్న.

సర్దార్ బీ

తా.క. ఆంటీ, నేను తమన్నాను. అత్తమ్మకు తెల్వకుండ రాస్తున్న. నిద్ర లేదు, ఏం లేదు. బాల్కనీల కూసొని పైకి చూస్తుంది. నిన్న కండ్ల దవాఖానకు తీస్కపోయిన. రెండు కండ్లల్ల శుక్లాలు. నీలం, మట్టిరంగు ఒక్క తీరుగనే కనిపిస్తున్నయంట. మీ లేత గులాబీ అయితే ఉత్త తెల్ల కాయితమే. బుధవారం ఆపరేషన్ అన్నరు. భయంతోటి పోనంటుంది. ఎవ్వరు చెప్పినా వింటలేదు.

జూన్ 15

సర్దార్ బీ గారికి నమస్కారాలు. మొన్న ఎగ్గొట్టింది కూడా కలిపి.

అక్షరాలు పెద్దవిగా, నల్ల పెన్సిలుతో గట్టిగా నొక్కి రాశాను. మీరే చదవండి. నాకు ఎవరు చెప్పారని అడగకండి. తమన్నాను అసలు అడగకండి.

ఫిజియోథెరపీ అబ్బాయి ఎప్పటినుంచో నన్ను మెట్లు దిగమంటున్నాడు. నొప్పి అని చెబుతూ వచ్చాను. నొప్పి కాదు, భయం. కాబట్టి ఆ విషయంలో మీరు నాకు కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఈ ఉత్తరం బుట్టలో రాలేదు. మీ తలుపు కిందినుంచి వచ్చింది. వంగలేను కాబట్టి చేతికర్రతో తోశాను. ఇక జరగవలసినవి:

1. తలుపు తీయాలి.
2. కుర్చీ వేయాలి. ఎత్తైనది.
3. బుధవారం మనిద్దరం ఆటోలో దవాఖానకు వెళ్లాలి. దారిలో ఎవరు భయపడితే వాళ్లను రెండోవాళ్లు తిట్టాలి.
4. కట్టు విప్పాక మీరు ముందుగా నెమలిని చూడాలి. చూసి నవ్వకూడదు, ఆ హక్కు నాది.
5. మొదటిది త్వరగా జరగాలి. కాలు వణుకుతోంది.

కామేశ్వరమ్మ, మీ గుమ్మం ముందు